ఉప్పు తగ్గిస్తే చేపకు కోపం తగ్గుతుందా?

ఈ వారంలో ఈ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. ముందు మా బావమరిది పంపాడు. తర్వాత మా భీమవరం ఆక్వా గ్రూపులో ఇద్దరు పెట్టారు. నిన్న రాత్రి పదకొండింటికి పాలకొల్లు నుంచి ఒక పెద్దాయన, "చూడండి, మీకు పనికొస్తుంది" అంటూ మళ్లీ అదే. "ఉప్పునీటి ట్యాంకులో చేపలు కొట్టుకుంటున్నాయా? ఈ ఆరు చిట్కాలు పాటించండి. మూడు రోజుల్లో అన్నదమ్ముల్లా కలిసిపోతాయి!"

అన్నదమ్ములు కలిసిపోవడం ఈ రాసినాయన ఏ ఊళ్లో చూశాడో గానీ, మా వైపు గట్టు తగాదాలు తాతల నాటి నుంచి నడుస్తున్నాయి. పగడాలతో కలిపి ఇంట్లో ఉప్పునీటి ట్యాంకులో పెంచే డామ్సెల్ అనే చిన్న చేపది కూడా గట్టు తగాదానే. దానికున్నది కోపం కాదు, ట్యాంకులోని ఆ రాయి తనదన్న పట్టుదల.

చిటికెడు పసుపు వేయమన్న చిట్కా ముందు తీసి పక్కన పెడదాం. పసుపు పులుసులో వేసుకోండి.

క్లౌన్ చేపల్ని ఆడా మగా చూసి కొనాలట. చిన్నప్పుడు అవన్నీ మగవే. కలిపి పెంచితే వాటిలో పెత్తనం చేసేది ఆడదవుతుంది. రెండు చిన్న పిల్లలు తెచ్చుకోండి, మిగతాది అవే తేల్చుకుంటాయి. చెరో ట్యాంకులో పెరిగిన పెద్దవి రెండు తెచ్చారా, రెండూ ఆడవే కావచ్చు. ఆపైన మీ ఇష్టం.

మూడు రోజులు పస్తు పెట్టాలట. టాంగ్ పగలంతా రాళ్ల మీది నాచు గీక్కుని తినే చేప. కడుపు మాడిస్తే పక్కదాని మీద పడుతుంది. తోక మొదట్లో దానికి కత్తి లాంటి ముల్లు ఉంటుంది, ఊరికే లేదది. నేనైతే తిండి రెండు మూలల్లో వేస్తాను, గొడవ సగం అక్కడే పోతుంది.

చేపల్ని కిక్కిరిసేలా వేస్తే కొట్లాట తగ్గుతుందన్నది పూర్తిగా అబద్ధం కాదు. ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపలైన సిక్లిడ్లు పెంచేవాళ్లు నిజంగానే అలా వేస్తారు, దెబ్బలన్నీ ఒక్కదానికే తగలకుండా. కానీ అవి మంచినీటి చేపలు, వాటితో పగడాలు ఉండవు. మన ట్యాంకులో అంత మంద వేస్తే వాటి మలినాల నుంచి వచ్చే నైట్రేట్ ఎక్కడ పెట్టుకోవాలి? రాత్రికి రాత్రి ఇంకో ఏరియేటర్ దింపి గట్టెక్కడానికి ఇది చెరువు కాదు.

ఇక అసలు విషం. "ఉప్పు చేపలకు కోపం పెంచుతుంది. మూడో వంతు నీళ్లు తీసేసి బోరు నీళ్లు పోయండి, శాంతిస్తాయి." గ్రూపులో దీనికి వచ్చిన మద్దతు చూసి నాకు బీపీ పెరిగింది. "వనామీ రొయ్య చప్పటి నీళ్లలో పెరగట్లేదా?" అని ఒకరు. "పులస సముద్రం నుంచి గోదారికి ఎక్కట్లేదా?" అని ఇంకొకరు.

ఆయ్, ఎక్కుతుందండి. ఏటికి ఎదురీది గుడ్లు పెట్టడం పులస పుట్టుకలోనే ఉంది. వనామీ సంగతి చెరువులు చేసే మీకు నేను చెప్పాలా? హేచరీలో పిల్లకి సెలైనిటీ, అంటే నీటిలోని ఉప్పు, మెల్లమెల్లగా దించి, ఆనక చెరువులో పొటాషియం, మెగ్నీషియం బస్తాలకు బస్తాలు చల్లి కదా నిలబెట్టుకుంటున్నారు! చేప తన ఒంట్లో ఉప్పుని కొంతవరకు అదుపు చేసుకోగలదు. పగడానికి, నక్షత్ర చేపకి ఆ శక్తి లేదు, బయటి నీళ్లు మారితే లోపలా మారిపోతుంది. వరదనీరు, ఒండ్రు వచ్చి పడే మన అంతర్వేది దగ్గర పగడపు దిబ్బలు ఎందుకు లేవనుకుంటున్నారు?

మా వీధి చివరి కుర్రాడు ఈ చిట్కా నమ్మాడు. 200 లీటర్ల ట్యాంకులో 60 లీటర్లు తీసి బోరు నీళ్లు పోశాడు. "అంకుల్, ఒకసారి వస్తారా" అని ఫోన్ చేస్తే ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ జేబులో వేసుకుని వెళ్లాను. చుక్క వేసి చూస్తే వెయ్యి వంతుల నీళ్లలో ఉప్పు 26 వంతులు. ముందు రోజు 35. నత్తలు అద్దాన్ని వదిలేసి ఇసుకలో వెల్లకిలా పడున్నాయి. క్లీనర్ రొయ్య పక్కకి ఒరిగిపోయి ఒక్క కాలు ఆడిస్తోంది. టార్చ్ కోరల్ అనే పగడం వేళ్లన్నీ లోపలికి లాక్కుంది, కింద తెల్లటి గట్టి గూడు బయటపడింది. మరి ఆ నీలం డామ్సెల్? దర్జాగా తన రాయి చుట్టూ తిరుగుతూ, చావుబతుకుల్లో ఉన్న ఆ రొయ్యని కూడా తరుముతోంది. పడుకున్నవన్నీ పడుకున్నాయి గానీ, శాంతించాల్సింది మాత్రం శాంతించలేదు.

చేపల ఒంటి మీద వచ్చే తెల్లమచ్చల జబ్బుకి ఉప్పు సగానికి పైగా తగ్గించే వైద్యం ఒకటుంది కదా అంటారు. ఉంది. విడి ట్యాంకులో, పగడాలు లేకుండా, మెల్లగా దించుతూ, రోజూ కొలుచుకుంటూ చేసేది. బోరు పైపు పట్టుకుని కాదు.

మిగిలింది అద్దం. ట్యాంకు బయట అద్దం పెట్టమంటే పగలబడి నవ్వాను. పోయిన నెల కొత్త టాంగ్‌ని వేసినప్పుడు నా డామ్సెల్ దాన్ని ఊపిరి తీసుకోనివ్వకపోతే, మా ఆవిడ చేతి అద్దం తెచ్చి ట్యాంకు గ్లాసుకి బయటినుంచి టేపుతో అంటించింది. రెండు రోజులు డామ్సెల్ తన మొహంతోనే పోట్లాడుకుంది. ఈలోగా కొత్తది నక్కడానికి ఒక సందు చూసుకుంది. ఈ ఒక్క పాయింటుకి రాసినాయనకి దణ్ణం. మూడో రోజుకి మోసం తెలిసిపోయింది, అది వేరే విషయం.

అసలు తప్పు నాదే. చవగ్గా దొరికిందని డామ్సెల్‌ని అన్నిటికంటే ముందు వేశాను. ముందొచ్చినదానిదే పట్టా అయింది. పోట్లాడే చేపని చివర్లో వేయాలి. చివరికి రాళ్లన్నీ తీసి కొత్తగా పేర్చాను, దాని హద్దులు దానికే తెలియకుండా పోయాయి. ఆపైన వారం రోజులకని దాన్ని కూరగాయల ప్లాస్టిక్ బుట్టలో పెట్టి అదే ట్యాంకులో వేలాడదీశాను.

ఇంకా బుట్టలోనే ఉంది. ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తాను. బుట్ట మాత్రం తిరిగిచ్చేయాలి, మా ఆవిడ అడుగుతోంది.