మావయ్యగారి నిజాయితీ, కుందేటి కొమ్ము

మా మావయ్యగారు 33 ఏళ్లు ఆడిట్‌లో చేసి ఈమధ్యే రిటైరయ్యారు. "మా నాన్న గురించి నాలుగు మంచి ముక్కలు రాసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి, పెద్దల్లుడు మీరు, మీరు కాకపోతే ఎవరు రాస్తారు" అంది మా ఆవిడ. ఆ పెద్దల్లుడు అన్న మాట దగ్గరే పడిపోయా నేను.

రాసా. అరుదైన వ్యక్తి, అరుదైన క్రమశిక్షణ, అరుదైన నిజాయితీ, ఆయన నవ్వడం అరుదు, అలాంటి తండ్రి దొరకడం ఇంకా అరుదు, ఇలా సాగింది. మా ఆవిడ చదివి వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఎనిమిది అరుదులున్నాయండీ. పేజీలో ఎనిమిదిసార్లు కనపడేదాన్ని అరుదు అని ఎవరంటారు?" అంది. పాయింటే మరి.

సరే అని ఫోన్లో నిఘంటువు తీసి 'అరుదు' కొట్టా, అక్కడ్నించి ఇంకో మాటకి, దాన్నుంచి ఇంకోదానికి పోతూ ఉంటే వస్తూనే ఉన్నాయి, వింత, విచిత్రం, విశేషం, విడ్డూరం, చోద్యం, అబ్బురం, అపూర్వం, అపురూపం, దుర్లభం, అన్నీ ఒకే తల్లి పిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి, ఏ ఒక్కదాని పక్కనా 'అత్తారింటి వాళ్ల మీద వాడరాదు' అని రాసి లేదు. పేకముక్కలు పంచినట్టు అరుదుకొకటి పంచేసా. చాలకపోతే నాకు తెలిసిన నుడికారాలు కూడా రెండు కలిపా. అపురూపం ఒక్కటి పక్కన పెట్టా, రూపం సరిగా లేనిదేమో అని డౌటొచ్చి. (నవ్వకండి, అపస్వరం, అపశకునం చూసిన కళ్లతో చూస్తే అలాగే ఉంటుంది.)

ఫైనల్‌గా గ్రూపులో పడింది ఇదీ. "మా ఇంట్లో ఒక విశేషం ఉంది, ఆ విశేషం పేరే మా మావయ్యగారు. ఆయన విచిత్రమైన వ్యక్తి. ఆయన క్రమశిక్షణ చూస్తే విడ్డూరంగా ఉంటుంది. ఆయన నవ్వు నల్లపూస. ఇక ఆయన నిజాయితీ అంటారా, అది కుందేటి కొమ్ము. అరుదైన వాటిల్లోకెల్లా అరుదైన మనిషి." రాత్రి పదింటికి పెట్టి హాయిగా పడుకున్నా.

పొద్దున లేచేసరికి 64 మెసేజీలు.

మొదటి నాలుగూ మా ఆవిడకి కంగ్రాట్స్. ఎన్నో నెల అని కూడా అడిగారు. 'ఇంట్లో విశేషం' అనే దగ్గరే ఆగిపోయారన్నమాట, ముందుకి చదవలా. మా పెద్దాడు డిగ్రీ చదువుతున్నాడు, వాడు నా వంక చూసిన చూపు ఇంకా మర్చిపోలేకపోతున్నా.

తర్వాత మా తోడల్లుడు. లాయరు. చాన్స్ కోసం చూస్తూ ఉంటాడు ఎప్పుడూ. "అన్నయ్యగారూ, 'అరుదైన వాటిల్లోకెల్లా అరుదైన' అన్నది 1980లో సుప్రీంకోర్టు బచన్ సింగ్ కేసులో ఉరిశిక్ష ఎప్పుడు వెయ్యొచ్చో చెప్తూ పెట్టిన కొలబద్ద. మావయ్యగారు అంత నేరం ఏం చేశారు?" అని పెట్టి కింద దండం బొమ్మ ఒకటి.

మా బామ్మర్ది మాత్రం సీరియస్సే. "బావా, ఆడిట్‌లో పనిచేసిన మనిషి నిజాయితీ కుందేటి కొమ్మా? అంటే లేదనేగా?" నేను ఫోన్ చేసి, ఒరేయ్, చాలా అరుదు అనే అర్థంలో రాసాన్రా అంటే, "కుందేలుకి అరుదుగా కూడా కొమ్ముండదు బావా" అని పెట్టేశాడు. నిజమే. నల్లపూస అంటే ఎప్పుడో ఒకప్పుడు కనపడుతుంది, అత్తిపువ్వు అంటే కాయ లోపల దాక్కుని అయినా ఉంటుంది, కుందేటి కొమ్ము, గగనకుసుమం ఈ రెండూ పూర్తిగా సున్నా. నేను సున్నాని తీస్కెళ్లి ఆడిటరు నిజాయితీ పక్కన పెట్టా.

ఇంతలో మా ఆవిడ మేనత్తగారి వాయిస్ మెసేజ్. ఆవిడకి భర్తృహరి పద్యాలు, అదే ఏనుగు లక్ష్మణకవి తెలుగులో రాసినవి, నోటికొచ్చు. ఇసకలోంచి నూనె, ఎండమావిలో నీళ్లు, కుందేటి కొమ్ము వరకు మామూలుగా చదివి, మూర్ఖుల మనసు గురించి ఉన్న ఆఖరి ముక్క దగ్గరికొచ్చేసరికి బాగా సాగదీసి, "అర్థమైందా నాయనా" అన్నారు. అయింది.

మా ఆవిడ తిట్టలేదు, అదింకా భయం. "విడ్డూరం అన్నది మూతి తిప్పకుండా అనగలరేమో అద్దంలో చూస్కుంటూ అనండి" అంది. అన్నా. నిజంగానే ఆ 'డ్డూ' దగ్గర పెదాలు ఒక పక్కకి పోతున్నాయి, ఎంత ఆపినా. ఆ మాటలోనే ఉంది ఎత్తిపొడుపు, చోద్యం కూడా దాని చెల్లెలే. వింత అంటే చూడ్డానికి జనం మూగేది, విచిత్రం అంటే అర్థం కానిది. "మరి అపురూపం ఎందుకు వదిలేశారు?" అని అడిగితే కారణం చెప్పక తప్పలేదు. కాసేపు ఏం మాట్లాడలా. తర్వాత "నేను ఒకటో క్లాసులో రాసిన పలక మా నాన్న ఇంకా బీరువాలో దాచుకున్నాడు, అంచు విరిగింది కూడా. అలాంటి పలకలు లోకంలో లక్షలుంటాయి, అదేం అరుదు కాదు. దాన్ని అంటారు అపురూపం అని" అంది.

మనసు కరిగిపోయి వెంటనే గ్రూపులో క్షమాపణ పెట్టా, కొంచెం గౌరవంగా ఉంటుందని "మావయ్యగారు తప్పక మా ఇంటికి అరుదెంచాలి" అని ముగించా. అరుదెంచడం అంటే రావడమే, అరుదుకీ దానికీ సంబంధం లేదు, ఈసారి చూసే రాసా. నిమిషంలో బామ్మర్ది: "అరుదుగా రమ్మంటున్నావా బావా మా నాన్నని?"

ఇంతదాకా మావయ్యగారు ఒక్క ముక్క మాట్లాడలేదు. సాయంత్రం ఫొటో వచ్చింది. నా మెసేజ్‌ని ప్రింట్ తీయించి, విచిత్రం, విడ్డూరం, నల్లపూస, కుందేటి కొమ్ము, అన్నిటి చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టి, మార్జిన్‌లో ఒకటి రెండు మూడు అని అభ్యంతరాల నంబర్లు వేసి, అడుగున గుండ్రటి చేతిరాతతో "పై అంశములపై అల్లుడు గారి నుండి 7 రోజులలోగా వివరణ కోరడమైనది" అని సంతకం, తేదీ.

ఇవాళ ఆరో రోజు.