డ్రైవరు ఆగిపోతే యంత్రం కూడా ఆగాలి

క్రితం నెల ఒక రాత్రి విజయవాడ వెళ్తూ, పంతంగి టోల్‌గేటు దాటాక, కారులోని వాయిస్ అసిస్టెంట్‌ను పిలిచి అక్కకు మెసేజ్ చెప్పడం మొదలుపెట్టాను. "సూర్యాపేటలో భోంచేసి" అనేంతలో వెనక లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీ ఒకటి హఠాత్తుగా హెడ్‌లైట్ల వెలుగులోకి వచ్చింది. బ్రేకు తొక్కి, వెనక వస్తున్న బస్సును అద్దంలో చూసుకుంటూ పక్క లేన్‌లోకి తప్పుకునేలోగా, యంత్రం ఆ రెండు ముక్కలనే చదివి వినిపించి "పంపమంటారా?" అని అడిగింది. నేను పలకకపోయేసరికి "క్షమించండి, మీరు చెప్పింది అర్థం కాలేదు, పంపమంటారా?" అని రెట్టించింది. నేనేమీ చెప్పలేదు కనుక అర్థం కాకపోవడంలో దాని తప్పేమీ లేదు. తప్పు దాన్ని అలా తయారుచేసినవారిది.

ఈ సంభాషణలను రూపొందించేవారు అంతరాయం అనగానే, యంత్రం మాట్లాడుతుండగా మనిషి అడ్డు తగలడం గురించే ఆలోచిస్తారు. దానికి బార్జ్-ఇన్ అని పేరు కూడా పెట్టుకున్నారు. ఇంట్లో స్పీకరుకు ఆ లెక్క సరిపోతుంది. కారులో మాత్రం డ్రైవరు మాట మధ్యలో ఆగిపోయాడంటే చాలాసార్లు రోడ్డు మీద ఏదో పని పడిందని అర్థం. ఆ మౌనాన్ని టైమ్‌అవుట్ (జవాబుకు ఇచ్చిన గడువు తీరిపోవడం) కింద జమకట్టి, అదే ప్రశ్నను మళ్ళీ మళ్ళీ అడగడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను.

పక్కసీటులో మా పిన్ని ఉంటే, నేను లారీని దాటుతున్నంతసేపూ తనంతట తానే ఊరుకుని, దాటాక "ఆఁ, ఏం చెబుతున్నానంటే" అని ఆపిన చోటి నుంచే అందుకుంటుంది. యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన సిమ్యులేటర్ ప్రయోగంలో కూడా, ఫోనులో మాట్లాడినవారికంటే పక్కనున్నవారితో మాట్లాడినవారే హైవే నుంచి పక్కకు మళ్ళవలసిన చోట సరిగ్గా మళ్ళారు. పక్కనున్నవారికి ట్రాఫిక్ కనిపిస్తుంది మరి. బ్రేకు, స్టీరింగు, ఇండికేటరు, వేగం అన్నీ కారుకు తెలుస్తూనే ఉన్నప్పుడు, పిన్నికి ఉన్నపాటి ఇంగితం దానికి నేర్పడం అసాధ్యమేమీ కాదు. గట్టిగా బ్రేకు పడగానే మాట ఆపాలి, దారి కుదుటపడ్డాక "సూర్యాపేటలో భోంచేసి అన్నారు, తర్వాత?" అని అడగాలి. అయితే దారి చెప్పే మాటలను ఆపినప్పుడు అంతకంటే జాగ్రత్త అవసరం, ఎందుకంటే మలుపు దాటిపోయిన తర్వాత "ఇప్పుడు కుడికి తిరగండి" అని పాత మాటనే వినిపించడం కంటే అసలు చెప్పకపోవడమే నయం.

తెలుగులో ఇంకో చిక్కుంది. మన వాక్యాన్ని ముగించే క్రియ చివర్లో వస్తుంది కనుక, "భోంచేసి" దగ్గర ఎంతసేపు ఆగినా వాక్యం పూర్తయినట్టు కాదని బడిపిల్లవాడికైనా తెలుస్తుంది. నిశ్శబ్దాన్ని మాత్రమే కొలిచే యంత్రానికి తెలియదు. అలాగే మనం ఊకొట్టేది వింటున్నామని చెప్పడానికి, ఒప్పుకోవడానికి, ఒక్కోసారి విసుగుకు కూడా. ఆ రాత్రి ట్రాలీని తప్పించాక నా నోటి నుంచి వచ్చిన "ఊఁ" మూడో రకానిది. యంత్రం దాన్ని రెండో రకంగా తీసుకుంది.

చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి కదా, ఇక ప్రమాదమేమిటని వాదించే మిత్రులు ఉన్నారు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కూడా ఫోన్ల విషయంలో చేతిలో పట్టుకున్నవాటి గురించే మాట్లాడుతుంది. కానీ అమెరికాలో రోడ్డు భద్రతపై పరిశోధనలు చేసే ఏఏఏ ఫౌండేషన్ 2015లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, కొన్ని వ్యవస్థల్లో గొంతుతో ఆదేశం ఇచ్చిన తర్వాత కూడా ధ్యాస పూర్తిగా రోడ్డు మీదికి తిరిగి రావడానికి 27 సెకన్ల వరకు పట్టింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది 450 మీటర్ల దూరం. ఆ ట్రాలీకీ నాకూ మధ్య ముప్ఫై మీటర్లు కూడా లేవు.

అక్కకు ఆ రాత్రి అందిన మెసేజ్ "సూర్యాపేటలో భోంచేసి" అన్నంతే. కంగారుపడి ఆవిడ నాలుగుసార్లు ఫోన్ చేసింది, నాలుగుసార్లూ ఆ యంత్రమే నన్ను "ఎత్తమంటారా?" అని అడిగింది.