360 డిగ్రీల కరువు

వార్త చదివే రోజులు పోయాయి, ఇప్పుడు వార్తలోకి దిగాలట. దీని పేరు ఇమ్మర్సివ్ జర్నలిజం. 2015లో న్యూయార్క్ టైమ్స్ తన చందాదారులకు పేపరుతో పాటు పది లక్షలకు పైగా అట్ట కళ్లద్దాలు పంచింది. అట్ట మడిచి, అందులో ఫోన్ దూర్చి, కళ్లకు ఆనించుకోవడమే; తల ఎటు తిప్పితే అటువైపు దృశ్యం కనిపిస్తుంది, మనం అక్కడే ఉన్నట్టు. అంతకుముందు 2012లో నోనీ డి లా పెన్యా అనే జర్నలిస్టు, లాస్ ఏంజెలిస్‌లో ఉచిత తిండి క్యూలో ఒక షుగర్ రోగి కుప్పకూలిన సంఘటనను ఇలాగే కళ్లకు డబ్బా కట్టి చూపిస్తే, చూసినవాళ్లు కొందరు అక్కడ లేని మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. ఉన్న మనిషి పడితేనే ఫోన్ తీసే మనకు ఇది చిన్న విషయం కాదు.

దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మా అనంతపురం ఒకటి కనుక, సరుకుకు కొదవ లేదని మేమూ రంగంలోకి దిగాం.

దీనికి వాడే 360 డిగ్రీల కెమెరా అన్ని దిక్కులూ ఒకేసారి చూస్తుంది. అందుకని తీసేవాళ్లు దాక్కోవాలి. ఎండిన శెనక్కాయ చేలో ఎక్కడ దాక్కుంటాం? చెట్టు కోసం చూస్తే అది పక్క ఊళ్లో ఉంది. చివరికి నేనూ, కెమెరా కుర్రాడూ గట్టు చాటున బోర్లా పడుకున్నాం. రైతు పెద్దాయన వచ్చి, గొంతు తగ్గించి, "ఏం సార్, మీరూ బ్యాంకోళ్లకు బాకీనా?" అన్నాడు. (ఆ మాట ఎడిటింగ్‌లో తీసేశాం. ప్రేక్షకుడి లీనతకు భంగం.)

తొలి ప్రేక్షకులు హైదరాబాద్ వాళ్లు. సగం మందికి కడుపులో తిప్పింది. కదులుతున్నామని కళ్లు, లేదు కూర్చునే ఉన్నామని చెవి లోపలి తూకం పోట్లాడుకుంటే అంతేనట. వాళ్లను కళ్యాణదుర్గం బస్సు వెనక సీట్లో కూర్చోబెట్టి చూపించాలని నా సూచన. అక్కడ కళ్లకూ నడుముకూ అభిప్రాయభేదం ఉండదు. ఒకాయన రైతు తన కళ్లలోకి చూడలేదని నొచ్చుకున్నాడు. ఒకావిడ చివర్లో కాస్త వాన పెట్టమన్నారు. జూన్ నుంచి మేమూ అదే అడుగుతున్నాం.

పెద్దాయనకూ డబ్బా కట్టి చూపించాం. తన చేలోనే నిలబడి తన చేను చూసుకుని, మెల్లగా వెనక్కి తిరిగాడు.

"ఈడ గట్టు కాడ మీరు పడుకోని ఉండాల కదా, కనపడరేం?"

"మీ దగ్గరే కాదు పెద్దాయనా, ఎక్కడ కనపడినా కంప్యూటర్‌లో తుడిచేస్తాం. ఆ కుర్రాడి పనే అది."

డబ్బా తీసి చేతికిచ్చాడు.

"ఆ పిల్లోణ్ని ఒకపూట మా బ్యాంకుకు పంపు సార్."