పూచీకత్తు లేని కాజా

బ్యాంకులో అప్పులు మంజూరు చేసే బల్ల వెనుక ముప్ఫై రెండేళ్ళు కూర్చుని రిటైరైన మనిషికి, ఎదుట ఏ ప్రాణి కనబడినా మొదట తట్టే ప్రశ్న ఒక్కటే. ఇస్తే తిరిగి వస్తుందా? డబ్బు విషయంలో ఈ ప్రశ్న వేసుకున్నందువల్ల నా ఉద్యోగం మర్యాదగానే గడిచింది. కుక్క విషయంలోనూ దానినే వేసుకుని, అన్ని పత్రాలూ సరిచూసుకుని, మహాలయ అమావాస్యనాడు గోదావరి గట్టు మీద నేను పడిన పాట్లు మాత్రం ఏ బ్యాంకు శిక్షణలోనూ చెప్పనివి.

నిజానికి కుక్క మాది కాదు, మా అమ్మాయిది. ఉద్యోగం మీద జర్మనీ వెళుతూ, జర్మనీవాళ్ళు తయారుచేసిన జాతి కుక్కను రాజమహేంద్రవరంలో మాకు అప్పగించి వెళ్ళింది. ఈ ఎగుమతి దిగుమతుల లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. దానిని డాక్స్‌హుండ్ అంటారు. జానెడు ఎత్తు, అంతకు రెండింతలకు పైగా పొడవు, తొమ్మిది కిలోల బరువు. ఆ సాగదీసిన ఆకారాన్నీ, పాకంలోంచి అప్పుడే తీసినట్టున్న ఆ రంగునూ చూసి మా ఆవిడకు తాపేశ్వరం మడత కాజా గుర్తుకు వచ్చి, వాడికి ‘కాజా’ అని పేరు పెట్టింది. ఆ పేరు నా పరువుకు ఎంత చేటు తెస్తుందో ఆనాడు మా ఇద్దరికీ తోచలేదు.

అమ్మాయి వారానికొకసారి వీడియోలో కనిపించి, అక్కడి అడవి బాటల్లో కుక్కలు యజమానుల పక్కన ఎంత బుద్ధిగా నడుస్తాయో వర్ణించి, “నాన్నా, వాడికి ఏడాది దాటింది. ఇంకా గొలుసేనా?” అని అడిగేది. నేను ఒక ఫైలు తెరిచాను. గొలుసు అంటే తాకట్టు. అది మన చేతిలో ఉన్నంతసేపూ అవతలివాడి గుణగణాలతో మనకు పని లేదు. గొలుసు విప్పడమంటే పూచీకత్తు లేకుండా అప్పు ఇవ్వడమే కనుక, ముందు దరఖాస్తుదారు చరిత్ర విచారించాలి. విచారిస్తే చరిత్ర అంతా ప్రతికూలంగానే వచ్చింది. బొరియల్లో కాపురముండే బ్యాడ్జర్ అనే మొండి జంతువును భూమిలోపలికి దూరి ఎదుర్కోవడానికి ఈ జాతిని పెంచారట. చీకటి సొరంగంలో పైనున్న యజమాని కేకలు వినబడవు కాబట్టి, తన బుద్ధితో తానే నిర్ణయాలు తీసుకునే కుక్కలే అక్కడ పనికివచ్చాయి. అంటే తరతరాలుగా యజమాని మాట వినకపోవడాన్నే వృత్తిధర్మంగా పాటించిన వంశం. పైగా వయసు పద్నాలుగు నెలలు. ఆరు నెలలు నిండింది మొదలు ఏడాదిన్నర దాకా కుక్కలు నేర్చుకున్న పాఠాలను కూడా మరిచిపోయినట్టు నటిస్తాయని పశువైద్యుడు ముందే చెప్పారు. టీకాల పుస్తకం ఒక్కటే సక్రమంగా ఉంది. ఇలాంటి దరఖాస్తును ఏ అధికారి అయినా తిప్పి పంపేవాడు. అడిగింది కూతురు కాబట్టి నేను విడతలవారీగా మంజూరు చేయాలని నిశ్చయించుకున్నాను.

మొదటి విడత హాలులో, రెండవది మేడ మీద, మూడవది వీధిలో పది మీటర్ల తాడు కట్టి. పేరు ఒక్కసారే పిలవాలి, వస్తే వెంటనే పనీరు ముక్క పెట్టాలి, ఎంత ఆలస్యంగా వచ్చినా పల్లెత్తు మాట అనకూడదు. తిట్టడానికి పిలిచిన చోటికి ఎవరూ రెండోసారి రారన్న ఈ సూక్ష్మం బాకీదారుల విషయంలో కూడా నాకు సకాలంలో తెలిసి ఉంటే బాగుండేది. ఇష్టంలేని పనికి కూడా పేరు పెట్టి పిలవకూడదు. ఈ నియమాన్ని మా ఆవిడ ఒక ఆదివారం ఉల్లంఘించి, ముద్దుగా పిలిచి తలంటు పోసింది. ఆ తరువాత మూడు రోజులు కాజా తన పేరు వినబడగానే మంచం కిందకు వెళ్ళిపోయాడు.

రెండు నెలల తరువాత ఖాతా పుస్తకం ఇలా ఉంది. హాలులో ఇరవై పిలుపులకు ఇరవై సార్లూ వచ్చాడు. మేడ మీద పద్దెనిమిది, వీధిలో పద్నాలుగు. ఎదురింటి పిల్లి గోడ మీద కూర్చున్న రోజున మాత్రం ఇరవైకి రెండు. ఆ రోజును నేను అసాధారణ పరిస్థితుల కింద లెక్కలోంచి తీసేశాను. ఇలాంటి సర్దుబాట్లు మా వృత్తిలో ఉన్నవే. మా ఆవిడ ఆ పుస్తకం తిరగేసి, “ఏమండీ, వాడు పనీరుకు వస్తున్నాడు గాని మీకు రావడం లేదు” అన్నది. సాంకేతిక పరిజ్ఞానం లేని అభ్యంతరంగా భావించి దానిని ఫైలులో చేర్చలేదు.

విప్పడానికి చోటు కూడా శ్రద్ధగానే ఎంచాను. కోటిలింగాల రేవుకు ఎగువన, గట్టు మీద బళ్ళు తిరగని జాగా. తెల్లవారుజామున అక్కడ వీధికుక్కల పెత్తనమూ ఉండదు. దూరాన, 1900లో రైళ్ళు మోయడం మొదలుపెట్టి 1997లో విశ్రాంతి తీసుకున్న హేవలాక్ వంతెన మంచులో లీలగా కనబడింది. రిటైరైన తోటి ఉద్యోగి ఎదుట శుభకార్యం జరపడం నాకు తృప్తిగానే అనిపించింది. అన్నీ చూశాను. పంచాంగం ఒక్కటి చూడలేదు.

గొలుసు విప్పిన తరువాత మొదటి అయిదు నిమిషాలు నా జీవితంలోని ఘనవిజయాలలో ఒకటి. కాజా పది అడుగులు వెళ్ళాడు, ఆగాడు, వెనుదిరిగి చూశాడు, పిలవగానే చెవులు ఎగురవేసుకుంటూ వచ్చి పనీరు పుచ్చుకున్నాడు. రెండోసారీ అంతే. స్వర్గద్వారం దాకా గొలుసు లేకుండా కుక్కను నడిపించుకుపోయిన ధర్మరాజు గుర్తుకు వచ్చాడు. ఆయన పనీరు ఏమైనా వాడాడా అని ఆలోచిస్తూ ఉండగా గాలి దిక్కు మారింది. కాజా ముక్కు పైకెత్తాడు. నేను పిలిచాను. వాడు నా వంక చూసిన చూపులో తిరస్కారం లేదు, ‘మీ ప్రతిపాదన కంటే మెరుగైనది వచ్చింది’ అన్న మర్యాద మాత్రమే ఉంది. మరుక్షణం వాడు లేడు.

కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదడమని సామెత. నాకు తోక కూడా అందలేదు. ఒక్కసారే పిలవాలన్న నియమం ఎప్పుడో గాలికి పోయింది. అరవై రెండేళ్ళ వయసులో పంచె ఎగగట్టి, “కాజా! కాజా!” అని అరుస్తూ గట్టు వెంట పరుగెత్తుతుంటే, స్నానానికి వెళుతున్న ఒకాయన నన్ను ఆపి, “తాపేశ్వరంవేనాండీ?” అని అడిగాడు. కాదని సైగ చేశాను. వెనుకనున్న ఆవిడ, “అయితే వద్దులెండి” అన్నది.

రేవు కిటకిటలాడుతున్నది. ఎటు చూసినా తర్పణాలు, దర్భలు, నువ్వులు. మెట్లు దూకితే వెన్నుపూస దెబ్బతినే జాతి అని వైద్యుడు చేసిన హెచ్చరికను ఖాతరు చేయకుండా కాజా మెట్లన్నీ జారుకుంటూ దిగి, ఒక అరటాకు ముందు ఆగి, దాని మీదున్న మూడు పిండాలలో మొదటిదాన్ని రెండు గుటకల్లో ముగించాడు. నేను వెళ్ళేసరికి పంతులుగారు పంచపాత్ర ఎత్తి వాడి మీద విసరబోతున్నారు. కర్త ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగండి పంతులుగారూ. తిన్నది మా నాన్నగారి పిండమేనా?”

“అవును నాయనా. అయినా తంతు ముగిసింది, గోదావరిలో కలపవలసినవే. యముడి వాకిట శ్యామశబలాలని రెండు కుక్కలుంటాయి, వాటికీ ముద్ద పెట్టాలన్నారు పెద్దలు” అని పంతులుగారు పంచపాత్ర దించారు. ఆయనకు అవతల ఇంకా ఆరు కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి.

కర్తకు ఆ సమాధానం చాలలేదు. నేను ఒగరుస్తూ మళ్ళీ “కాజా” అన్నాను. కాజా వినబడనట్టు మూతి నాక్కున్నాడు. కర్త కళ్ళు చెమర్చాయి.

“అచ్చం మా నాన్నగారేనండీ. భోజనం దగ్గర కూర్చున్నాక ఎవరు పిలిచినా పలికేవారు కాదు.”

వారి తమ్ముడుగారు వంగి చూసి నడక కూడా అదేనన్నాడు. నేను క్షమాపణ చెప్పి గొలుసు తీశాను. అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే అడ్డం వచ్చారు.

“ఎంత మాటండీ! మా నాన్నగారిని గొలుసేసి ఈడ్చుకెళతారా?”

ఈ అభ్యంతరానికి నా ఫైలులో జవాబు లేదు. ఎత్తుకుని వెళ్ళమన్నారు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు కూడా ఉండేవట. ఒక చెయ్యి రొమ్ము కిందా, మరొకటి వెనుక కాళ్ళ కిందా వేసి, వెన్ను వంగకుండా, తొమ్మిది కిలోల పితృదేవతను కిలోమీటరు పైచిలుకు దూరం ఇంటికి మోశాను. వాళ్ళు వీధి మలుపు దాకా సాగనంపారు.

గుమ్మంలో మా ఆవిడ చేతిలోని గొలుసునూ, చంకలోని కుక్కనూ చూసి ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. సాయంత్రం అమ్మాయి వీడియోలో కనిపించి, “నాన్నా, గొలుసు విప్పావా?” అన్నది.

“విప్పాను.”

“ఇంటికి వచ్చాడా?”

“వచ్చాడమ్మా. దారి పొడుగునా నన్ను ఒక్క అడుగు కూడా ఎడబాయలేదు.”

మొండి బాకీని కొత్త అప్పుతో సర్ది ఖాతా బాగానే ఉన్నట్టు చూపించే అధికారులను నా ఉద్యోగకాలంలో ఎందరినో మందలించాను. పది మీటర్ల తాడు మళ్ళీ వెతికి తీసి ఎండలో వేశాను.