పైనుంచి పోసే పాలన

వంటింటి సింకు పూర్తిగా మూసుకుపోయిన రోజున ఇంటిల్లిపాదీ ఏకమవుతారు. ఎవరో ఒకరిని పిలుస్తారు, సాయంత్రానికి పని అయిపోతుంది. నీళ్లు నెమ్మదిగా దిగే సింకుకు అంత అదృష్టం లేదు. అది ఏళ్ల తరబడి పదవిలో కొనసాగుతుంది, ఎందుకంటే అది ఎవరినీ కాదనదు. మనం చూస్తూ నిలబడ్డంతసేపూ నీళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. విసుగెత్తి పక్క గదికి వెళ్లి వచ్చేసరికి దిగిపోయి ఉంటాయి. అడుగున ఒక జిడ్డు వలయం, ఏ గిన్నెదో తెలియని కాస్త తుక్కు మిగులుతాయి. పని జరిగిందనడానికి వీల్లేదు, జరగలేదనడానికీ వీల్లేదు. ఇంత పకడ్బందీగా నడిచే వ్యవస్థ మీద ఫిర్యాదు రాయాలన్నా ఏమని రాస్తాం?

అడ్డంకి ఎంత లోతున ఉన్నా మందు మాత్రం పైనుంచే పోయాలన్న మన అచంచల విశ్వాసమే ఈ వ్యవస్థకు మూలస్తంభం. మొదటి విడతలో మరిగే నీళ్లు పోస్తాం. జిడ్డు కరుగుతుంది, కాదనను. కరిగిన జిడ్డు నాలుగడుగులు ముందుకు సాగి, అక్కడ చల్లారి, చెయ్యి అందని చోట తీరుబడిగా మళ్లీ గడ్డకడుతుంది. కార్యాలయాల్లో దీన్ని బదిలీ అంటారు. మామూలు పీవీసీ పైపు 60 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తయారుచేసింది కాదన్న సంగతి ఆ ఉత్సాహంలో ఎవరికీ గుర్తుండదు. ఇలా ఇంటింటి నుంచీ బదిలీ అయిన జిడ్డు చివరికి ఏమవుతుందో 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ మురుగు కాలువలో బయటపడింది: 250 మీటర్ల పొడవు, సుమారు 130 టన్నుల బరువున్న కొవ్వు గడ్డ. అందులో తడి తుడుపు కాగితాల (వెట్ వైప్స్) వాటా కూడా ఉంది కాబట్టి నింద మొత్తం వంటిళ్ల మీదే మోపడం అన్యాయం.

రెండో విడత వంటసోడా, వెనిగర్. ఇది మనకు అత్యంత ప్రీతిపాత్రమైన చికిత్స, ఎందుకంటే పొంగుతుంది. బుసబుసమని నురగ లేస్తుంటే లోపల ఏదో ఘోర యుద్ధం జరుగుతోందన్న భరోసా కలుగుతుంది. నిజానికి ఆ క్షారం, ఆ ఆమ్లం ఒకదాన్నొకటి రద్దు చేసుకుని కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదిలి, సోడియం ఎసిటేట్ అనే లవణం కలిసిన నీరుగా మిగులుతాయి. జిడ్డు మాత్రం పక్కన నిలబడి ఈ వేడుకంతా తిలకిస్తుంది.

మూడో విడత కాస్టిక్ సోడా. దీన్ని ఎగతాళి చేయను, ఇది పనిచేస్తుంది. కొవ్వును సబ్బుగా మార్చేస్తుంది. నీళ్లలో కలిసేటప్పుడు సలసల కాగిపోతుంది కూడా. దీనితో చిక్కంతా పనిచేయనప్పుడే. అప్పుడు పైపులో పాత అడ్డంకి అలాగే ఉంటుంది, దాని నెత్తిన చర్మాన్నీ కంటినీ కాల్చే ద్రవం కాపురం పెడుతుంది. ఆ పైన మొండిగా ప్లంజర్ అనే రబ్బరు గిన్నె కర్ర తెచ్చి పొడిచేవారు, ఆమ్లం కలిసిన మరో సీసా తెచ్చి పోసేవారు ఉంటారు. రెండూ చేయకూడదు. నట్టు విప్పడానికి వచ్చిన మనిషికి లోపల ఏం పోశామో చెప్పకుండా ఊరుకోవడం మాత్రం నేరమే.

ఇంతకీ జిడ్డు ఎక్కువగా పోగుపడేది సింకు కింది వంపులో. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు మరుగుదొడ్డి పైపుకు ఇలాంటి వంపు పెట్టి పేటెంటు పొందాడు. వంపులో నిలిచే కాసిని నీళ్లే మురుగు వాసనను ఇంట్లోకి రాకుండా ఆపుతాయి. నీళ్లు నిలవడం దాని వృత్తిధర్మం, కాబట్టి తుక్కూ దాన్నే ఆశ్రయిస్తుంది. విప్పి, కడిగి, బిగిస్తే సరిపోతుంది. కమింగ్ రోజూ గడియారాలు విప్పి బిగించిన మనిషి. ఆయన వారసుల్లో ఈ అలవాటున్నవారు తక్కువ.

సందేహముంటే సింకు కింది అరమర తలుపు తీసి చూడండి. ముందు వరసలో నీటి శుద్ధి యంత్రం. దాని వెనక సొరుగు పట్టాలు. వాటి వెనక, మోచెయ్యి దూరాక మణికట్టు తిరగని మూలలో, ఆ వంపు. నట్టు గోడవైపు. పానా పట్టుకుంటే ఎనిమిదో వంతు తిరిగి గోడకు తగులుతుంది; తీసి, మళ్లీ పెట్టి, మరో ఎనిమిదో వంతు. గోడలోకి వెళ్లే పైపు అడుగుకు పావు అంగుళం చొప్పున కిందికి వాలాలి. ఇక్కడ అది కాస్త పైకి ఎక్కుతుంది, నీళ్లకు వ్యాయామం కావాలన్నట్టు. వంపుకీ గోడకీ మధ్య అవసరానికి మించిన పొడవున్న ముడతల పైపు జారి, కడుపులా వేలాడుతూ, ఎవరూ అడగని రెండో వంపును ఏర్పరుస్తుంది. రెండు వంపుల మధ్య గాలి చిక్కుకుంటుంది, సింకు గుడగుడమంటుంది. దీన్ని నిర్లక్ష్యమనేవారు మనిషి ప్రతిభను తక్కువగా అంచనా వేస్తున్నారు. ఇంత ఇబ్బంది యాదృచ్ఛికంగా కుదరదు.

రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవకూడదు కాబట్టి విధానం చెబుతాను. కింద బకెట్ పెట్టండి. పైపు నుంచి వచ్చే నల్లటి జారుడు మడ్డిని చూసి వెనక్కి తగ్గకండి, అంతా మన ఇంటిదే. విప్పిన వంపును మరో చోట కడగండి. అదే సింకులో కుళాయి తిప్పి కడిగిన మహనీయుల పాదాల గురించి వేరే చెప్పనక్కర్లేదు. వాషరు వాలు అంచు కీలులోపలికి, చదునైన వైపు నట్టుకు ఉండాలి. ప్లాస్టిక్ నట్టును చేత్తో బిగించి, ఆపైన కొద్దిగా తిప్పితే చాలు. బలం చూపిస్తే చీలుతుంది. తొట్టి నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలి, కీళ్లను పొడి కాగితంతో తుడవండి. కాగితం తడవకపోతే పని అయినట్టే. వంపు శుభ్రంగానే ఉండి నీళ్లు అప్పటికీ దిగకపోతే దోషం గోడలోపలి పైపుది. దానికి పైపులోకి దూర్చి తిప్పే ఇనుప తీగ చుట్ట కావాలి.

ఈ శ్రమ ఎల్లకాలం మనకే ఎందుకు? కొత్త చట్టం కోరుతున్నాను. పైపు బిగించినవారూ అరమర చేసినవారూ ఒకే అరమరలో వెల్లకిలా పడుకుని, టార్చి నోట కరచుకుని, తాము పెట్టిన వంపును తామే విప్పి, కడిగి, చుక్క కారకుండా బిగించి చూపించాకే కూలి ఇవ్వాలి. సొరుగు అడ్డం వచ్చిందంటే సాకుగా పరిగణించాలి. గోడవైపు నట్టు పెట్టినవారికి పానా ఇవ్వకూడదు. ముడతల పైపు వేలాడదీసినవారు మాత్రం ఆ పైపును ఇంటికి తీసుకెళ్లి, ఒక్కో ముడతనూ పాత పళ్ల బ్రష్షుతో తోమి, వెలుతురుకు ఎత్తి చూపించి సంతకం పెట్టించుకోవాలి.