ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూడటానికి ఏమీ లేదన్న ఆ మెసేజ్‌కు నా జవాబు

ఈ నెలలో మూడు వేర్వేరు వాట్సాప్ గ్రూపుల నుంచి నాకు ఒకే మెసేజ్ వచ్చింది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారే మధ్యలో ఒక పూటో ఒక రోజో దొరికే తెలుగువాళ్లకు సలహాలట. ఊళ్లో బ్యాంకులు తప్ప ఏమీ లేవు, పాత ఊరంతా డూప్లికేట్, దిగగానే హైడెల్‌బర్గ్, రోథెన్‌బర్గ్ అనే వేరే ఊళ్లు చుట్టేసి రండి, రైల్వే స్టేషన్ దగ్గర డేంజర్ కాబట్టి టాక్సీయే దిక్కు, ఆదివారం అన్నీ మూత, శాకాహారులకు తిండి దొరకదు, అమెరికా వీసా ఉంటే బయటికి వదిలేస్తారు. ఇదీ అందులో ఉన్న సరుకు. ఎనిమిదేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను, వచ్చిన చుట్టాలందర్నీ వెంటబెట్టుకుని తిప్పాను, కాబట్టి చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు వీసా సంగతి, ఎందుకంటే మిగతావి తప్పయితే ఒక పూట పోతుంది, ఇది తప్పయితే పెద్దవాళ్లు పరాయి దేశంలో గేటు ముందు ఆగిపోతారు. భారత పాస్‌పోర్ట్‌తో విమానాశ్రయం దాటి ఊళ్లోకి రావాలంటే షెంగెన్ వీసా, అంటే యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా, ఉండాలి. అమెరికా వీసా గానీ గ్రీన్ కార్డ్ గానీ దానికి బదులు పనిచేయదు. అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు మాత్రం ఇలాంటి చిన్న ప్రయాణానికి వీసా అక్కర్లేదు. దీనివల్ల ఏమవుతుందంటే, ఒకే కుటుంబంలో కొడుకూ మనవలూ బయటికి రాగలరు, నానమ్మా తాతయ్యా రాలేరు. టికెట్ కొనేముందే ఎవరి చేతిలో ఏ పాస్‌పోర్ట్ ఉందో చూసుకోండి. షెంగెన్ లేని పెద్దవాళ్లు మీతో ఉంటే దయచేసి వాళ్లను అక్కడ వదిలేసి ఊరు చూడటానికి రాకండి.

ఇక “బ్యాంకులు తప్ప ఏమీ లేవు” అన్నది. బ్యాంకులున్నాయి, నిజమే. కానీ ఆ బ్యాంకుల డబ్బుతోనే కదా ఈ ఊరికి ష్టేడెల్ మ్యూజియం వచ్చింది! ఒక బ్యాంకరు తను సేకరించిన చిత్రాల్నీ ఆస్తినీ రాసిచ్చిన వీలునామాతో 1815లో అది పుట్టింది. సోమవారం తప్ప వెళ్లొచ్చు.

“పాత ఊరంతా డూప్లికేట్” అన్న మాట దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. 1944 మార్చిలో బాంబులు పడి ఇక్కడి పాత కట్టె ఇళ్లు దాదాపు అన్నీ కాలిపోయాయి. ర్యోమర్‌బెర్గ్ కూడలిలో అందరూ ఫొటోలు తీసుకునే ఆ వరస ఇళ్లు 1980లలో మళ్లీ కట్టినవి. దాని వెనక, డోమ్ అనే పెద్ద చర్చికి వెళ్లే దారిలో ఒకప్పుడు మున్సిపల్ ఆఫీసుల కాంక్రీటు భవనం ఉండేది, దాన్ని పడగొట్టి 2018 నాటికి 35 ఇళ్లు కట్టారు. వాటిలో 15 మాత్రమే పాతవాటికి నకళ్లు, మిగతా 20 కొత్త డిజైన్లు. పాత ఇళ్ల నుంచి మిగిలిన చెక్కుడు రాళ్లను కొన్ని గోడల్లో మళ్లీ పొదిగారు. ఇందులో దాచిపెట్టింది ఏమీ లేదు. ఇల్లు కాలిపోయినవాళ్లు అదే చోట మళ్లీ ఇల్లు కట్టుకుంటే దాన్ని డూప్లికేట్ అంటామా? పైగా 1562 నుంచి 1792 దాకా పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తులకు కిరీటం పెట్టిన ఆ చర్చి అక్కడే ఉంది, దెబ్బతిన్నా నిలబడిన చర్చి. జర్మన్ మహాకవి గేథే పుట్టిన ఇల్లు కూడా ఆ బాంబులకే కూలింది. సామాన్లను ముందే వేరే చోటికి తరలించారు కాబట్టి, యుద్ధమయ్యాక ఇల్లు మళ్లీ కట్టి, 1951 నాటికి వాటిని తిరిగి సర్దగలిగారు. మన శాకుంతలాన్ని జర్మన్‌లో చదివి 1791లో దాన్ని పొగుడుతూ పద్యం రాసిన మనిషి ఇల్లు అది.

అసలు నన్నడిగితే ఈ ఊళ్లో ముందు చూడాల్సింది ఒక గోడ. కోన్‌స్టాబ్లర్‌వాఖె స్టేషన్ నుంచి కాసేపు నడిస్తే పాత యూదు శ్మశానం వస్తుంది. దాని బయటి గోడ పొడవునా చిన్న చిన్న లోహపు దిమ్మెలు వరసలుగా బయటికి పొడుచుకుని ఉంటాయి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు. నాజీలు చంపేసిన ఫ్రాంక్‌ఫర్ట్ యూదుల పేర్లు, పదకొండు వేలకు పైనే. వాటి మీద జనం గులకరాళ్లు పెట్టి వెళ్తారు. ఇదే ఊళ్లో 1929లో పుట్టిన, డైరీ రాసిన ఆన్ ఫ్రాంక్ పేరూ అక్కడుంది. మా పెద్దమ్మ ఆ గోడ వెంట నడుస్తూ ఒకే ఇంటిపేరు వరసగా పది పన్నెండు సార్లు వచ్చిన చోట ఆగిపోయింది. “ఇంటిల్లిపాదినీనా నాయనా?” అంది. చాలాసేపు అక్కణ్నుంచి కదల్లేదు. టికెట్ లేదు, గేటు లేదు, ఆ మెసేజ్‌లో దీని ఊసే లేదు.

హైడెల్‌బర్గ్ బాగుంటుంది, కాదనను. రైల్లో గంట దూరం, అక్కడ స్టేషన్ నుంచి పాత ఊరికి మళ్లీ బస్సో ట్రామో ఎక్కాలి, కోట కొండ మీద. రోజంతా ఉంటే వెళ్లండి. కానీ అదే రోజు రోథెన్‌బర్గ్ కూడానా? ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి అక్కడికి మామూలుగా రెండుచోట్ల రైలు మారాలి. 2024లో జర్మనీ దూరప్రాంత రైళ్లలో టైముకు నడిచినవి 62.5 శాతమే. సాయంత్రం ఫ్లైట్ పెట్టుకుని ఈ రెండు ఊళ్లూ తిరగమనడం మనుషుల్ని టెన్షన్‌లో పెట్టడమే.

టాక్సీ అక్కర్లేదు. ఒకటో టెర్మినల్ కిందే లోకల్ రైలు స్టేషన్ ఉంది, ఎస్8 గానీ ఎస్9 గానీ ఎక్కితే పావుగంటకు అటూ ఇటూగా ఊరి నడిబొడ్డు. ఐదుగురి దాకా ఒకే గ్రూపు డే టికెట్ మీద తిరగొచ్చు. గేట్లు లేవు కదా అని టికెట్ లేకుండా ఎక్కకండి, దొరికితే 60 యూరోల ఫైన్. ఊళ్లోని మెయిన్ స్టేషన్ చుట్టుపక్కల కొన్ని వీధుల్లో మత్తుమందుల గొడవ ఉన్నమాట నిజం, దాన్ని నేను దాచను. దానికి మందు చాలా తేలిక. మెయిన్ స్టేషన్‌లో దిగొద్దు, అదే రైల్లో ఇంకో రెండు స్టాపులు వెళ్లి హౌప్ట్‌వాఖెలో దిగండి. అక్కణ్నుంచి ర్యోమర్‌బెర్గ్ పది నిమిషాల నడక, ఆపైన నది, ఇనప వంతెన. పిల్లలతో, పెద్దవాళ్లతో కూడా హాయిగా నడవొచ్చు.

ఆదివారం మూసేది షాపులు. మ్యూజియాలు తెరిచే ఉంటాయి, నది ఒడ్డు ఎక్కడికీ పోదు. షాపింగే మీ పని అయితే ఆదివారం రావద్దు, అంతే.

మిగిలింది తిండి. ఇక్కడ గ్రూనే జోసె అని పచ్చటి చల్లటి సాస్ ఉంది, ఏడు రకాల ఆకుల్ని సన్నగా తరిగి పుల్లటి క్రీములోనో పెరుగులోనో కలుపుతారు, ఉడికించిన బంగాళదుంపలతో తింటారు. పక్కన గుడ్లు పెట్టడం అలవాటు, వద్దంటే మానేస్తారు. కొందరు సాస్‌లోనే గుడ్డు కలుపుతారు కాబట్టి, గుడ్డు తిననివాళ్లు ఆర్డరిచ్చే ముందే అడగాలి. ఆ ఏడు ఆకులూ కలిపి తెల్ల కాగితంలో పొట్లం చుట్టి క్లైన్‌మార్క్ట్‌హాలె అనే మార్కెట్‌లో అమ్ముతారు (ఇది మాత్రం ఆదివారం మూతే). పోయిన వేసవిలో పెద్దమ్మ ఆ పొట్లం విప్పి ఒక్కో ఆకూ వాసన చూసి, ఒకటి నోట్లో వేసుకుని “ఇది మన చుక్కకూర చుట్టమేరా” అంది. సరిగ్గా చెప్పింది, రెండూ ఒకే కుటుంబం మొక్కలు. రెండు పొట్లాలు కొనిపించి, రాత్రికి ఆ ఆకు ఒక్కటీ ఏరి పప్పులో వేసింది.