20వ తారీఖు ఓటీపీ

2025 సెప్టెంబరు 18, గురువారం. ఆ వారం ఎలా గడిచిందో వ్యాపారం చేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఐటీ రిటర్న్ గడువు 16న ముగిసింది. 20న జీఎస్టీ 3బి, అంటే నెలవారీ రిటర్న్, వెయ్యాలి. 22 నుంచి కొత్త జీఎస్టీ రేట్లు: సబ్బులు, తలనూనె, షాంపూ, టూత్‌పేస్టు 18 శాతం నుంచి 5కి దిగుతున్నాయి. పాత స్టాకు ఏం చెయ్యాలని చుట్టుపక్కల ఊళ్ల కొట్ల వాళ్లంతా ఒకటే ఫోన్లు. ఆదివారం ఎంగిలిపూల బతుకమ్మ, దసరా సరుకు దిగుతోంది. ఖమ్మంలో మాది కిరాణా, జనరల్ హోల్‌సేల్. మావారు గోడౌన్‌లో ఉన్నారు, కౌంటర్‌లో నేనొక్కదాన్నే.

పదకొండున్నరకు ఫోన్.

"మేడం, ఆడిటర్ ఆఫీసు నుంచి."

"ఎవరు, శీనూనా?"

"ఆ, శీనునే మేడం. కొత్త రేట్లకు మీ రిజిస్ట్రేషన్ అప్‌డేట్ కాలేదు. నోటీసు వచ్చింది, వాట్సాప్‌లో పెట్టా. ఇవాళ చెయ్యకపోతే నంబరు సస్పెండ్ అవుతుంది."

గమనించారా? పేరు వాడు చెప్పలేదు, నేనే అందించాను. జీఎస్టీ ఉన్న ప్రతి కొట్టుకూ ఒక ఆడిటర్ ఉంటాడు, ఆ ఆఫీసులో ఒక శీనూ ఉంటాడు. గొంతు వేరుగా ఉందంటే జలుబు చేసిందన్నాడు. పాన్ నంబరు కూడా గడగడా చదివాడు. ఇక అనుమానం ఎందుకొస్తుంది?

ఆ పాన్ సంగతి తర్వాత అర్థమైంది. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రం కోడు, మన తెలంగాణకు 36. తర్వాతి పదీ మన పానే! ఆ నంబరు నేను రాసే ప్రతి బిల్లు మీదా ఉంటుంది, నియమం ప్రకారం షాపు బోర్డు మీదా ఉండాలి. ఫోన్ నంబరూ అక్కడే. పది రూపాయల సబ్బు కొని బిల్లు అడిగిన ఎవడైనా నా పాన్ చదివి వినిపించగలడు.

ఫైలు పేరు జీఎస్టీ నోటీసు. చివర పీడీఎఫ్ అని ఉండాల్సిన చోట ఏపీకే అని ఉంది. అంటే అది కాగితం కాదు, యాప్. తెలియని చోట నుంచి వచ్చిన యాప్ ఇది, వెయ్యమంటారా అని ఫోన్ అడిగింది. మెసేజీలు చదవనివ్వమంటారా అని ఇంకోసారి అడిగింది. ఎదురుగా ఇద్దరు సబ్బుల కేసులు లెక్కపెట్టుకుంటున్నారు, నేను అన్నిటికీ ఊ కొట్టాను. అచ్చం జీఎస్టీ పోర్టల్ లాంటి పేజీ తెరుచుకుంది. వెరిఫికేషన్‌కు ఒక్క రూపాయి కార్డుతో కట్టమంది. కట్టాను.

సాయంత్రం బిస్కెట్ల డిస్ట్రిబ్యూటర్‌కు డబ్బు పంపబోతే బ్యాలెన్స్ లేదంది. చూస్తే 49,000 ఒకసారి, 38,500 ఇంకోసారి పోయాయి. ఒక్క మెసేజీ రాలేదు. వచ్చినవన్నీ ఆ యాప్ మింగేసింది.

మావారి ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేశాం. నా ఫోన్ అప్పటికే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేశాను. నాకు తట్టిన తెలివైన పని ఆ రోజు మొత్తం మీద అదొక్కటే. 38,500 దారిలో ఆగింది, 49,000 దాటిపోయింది. బ్యాంకులో "కార్డు వివరాలు మీరే ఇచ్చారు కదమ్మా" అన్నారు. 2017 నాటి ఆర్బీఐ నిబంధన కూడా అదే: ఖాతాదారు అజాగ్రత్త వల్ల పోతే, బ్యాంకుకు చెప్పేదాకా పోయినది ఖాతాదారు నెత్తిన. చెప్పాక పోతే బ్యాంకు నెత్తిన. కాబట్టి సిగ్గుపడుతూ కూర్చున్న ప్రతి నిమిషానికీ ఖరీదు ఉంది. నేను అరగంట కూర్చున్నాను.

ఇది పెట్టాక కింద ఏం కామెంట్లు వస్తాయో తెలుసు. "అత్యాశ", "చదువుకున్నవాళ్లే ఇలా". అయ్యా, నేను లాటరీకి ఆశపడలేదు. గవర్నమెంటు నోటీసు అనగానే కాళ్లు వణికాయి, అంతే.

ఇంకో మాట. ఇది ఆడిటర్లకు కోపం తెప్పిస్తుంది, అయినా అంటాను. దొంగకు దారి వేసింది మనమే. ప్రతి నెలా 20న రిటర్న్ వేసేటప్పుడు శీను ఫోన్ చేస్తాడు, "అక్కా, ఓటీపీ చెప్పండి" అంటాడు. ఏ ఓటీపీ, దేనికి అని ఎన్నడైనా అడిగామా? బేరం మధ్యలో, అన్నం మధ్యలో, స్కూటర్ మీద కూడా చెప్పేశాం. బ్యాంకులేమో ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మొత్తుకుంటాయి. మనం నెలనెలా చెప్పడం ప్రాక్టీసు చేస్తాం. దొంగ చెయ్యాల్సిందల్లా 20కి రెండు రోజుల ముందు ఫోన్ చెయ్యడమే.

మా వీధిలో కొందరిదైతే ఇంకా ఘోరం. పోర్టల్‌లో ఉన్న ఫోన్ నంబరూ మెయిలూ ఆడిటర్ ఆఫీసువే. పాస్‌వర్డు ఎలా ఉంటుందో కూడా ఎరగరు. అసలు నోటీసు జన్మలో చూడనివాడు దొంగ నోటీసును ఎలా పోలుస్తాడు?

అందుకే నేను మొదట పోర్టల్ తెరిచాను. అక్కడ నా నంబరు, నా మెయిలే ఉన్నాయని సరిచూసుకున్నాను. జీఎస్టీ నోటీసు నిజంగా వస్తే లాగిన్ అయ్యాక సర్వీసెస్‌లో యూజర్ సర్వీసెస్ కింద కనిపిస్తుంది. అక్కడ లేకపోతే నేను నమ్మను, వాట్సాప్‌లో ఎవరు ఏం పంపినా సరే. ఇన్‌కమ్‌ట్యాక్స్ నోటీసు మీద డిన్ అనే నంబరు ఉంటుంది, 2019 అక్టోబరు నుంచి తప్పనిసరి చేశారు. ఆ శాఖ పోర్టల్‌లో లాగిన్ కూడా లేకుండానే దాన్ని సరిచూసుకోవచ్చు. లింకుల్లో ముందు గవ్ డాట్ ఇన్ ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ తర్వాత ఇంకో చుక్క పెట్టి వేరే పేరు తగిలిస్తారు. అసలు లింకులు నొక్కడమే మానేశాను, అడ్రసు నేనే టైపు చేసుకుంటున్నాను. షాపు వాట్సాప్‌ను పాత ఫోన్‌లోకి మార్చాను, బ్యాంకు సిమ్ అందులో లేదు.

ఒక సంగతి మాత్రం ఆ రాత్రి పడుకున్నాక తట్టింది. మా శీను నన్ను ఎన్నడూ మేడం అనలేదు.

మా ఆడిటర్ గారికి ఇదంతా చదివి వినిపించాకే పెడుతున్నాను. ఆయన ముఖం కాస్త మాడ్చుకుని, "వంద మంది క్లయింట్లమ్మా, ఒక్కొక్కరినీ పిలిపించి కూర్చోబెట్టాలంటే అయ్యే పనేనా" అన్నారు. అదీ నిజమే. అందుకని ఒక ఒప్పందానికొచ్చాం. శీను ఫోన్ చేస్తే నేను కట్ చేసి, నా ఫోన్‌లో సేవ్ చేసుకున్న నంబరుకు తిరిగి చేస్తాను. ఓటీపీ మెసేజీలో దేనికని రాసి ఉందో వాడికి చదివి వినిపించాకే అంకెలు చెప్తాను.

పోయిన నెల 20న అలాగే కట్ చేసి తిరిగి చేశాను. బిజీ. మళ్లీ చేశాను, బిజీ. మూడోసారి ఎత్తాడు. "అక్కా, ఈలోపు ఓటీపీ టైము అయిపోయింది, ఇంకోటి పంపిస్తున్నా" అని విసుక్కున్నాడు.

పంపించు నాయనా, కూర్చునే ఉన్నా అన్నాను.